‘వంటి’ అన్న ఒక్క మాట

2012 ఏప్రిల్ చివరి వారంలో సచిన్ టెండూల్కర్ పేరు రాజ్యసభ నామినేటెడ్ సభ్యుల జాబితాలో కనిపించగానే దేశమంతా రెండు రకాల మాటలు వినిపించాయి. వంద సెంచరీలు కొట్టినవాడికి ఆ మాత్రం గౌరవం దక్కొద్దా అన్నవాళ్లు కొందరు. ఇంకా బ్యాటు పట్టుకుని మైదానంలో ఉన్న మనిషికి పెద్దల సభలో ఏం పని అన్నవాళ్లు మరికొందరు. ఢిల్లీకి చెందిన మాజీ ఎమ్మెల్యే ఒకరు మాత్రం మాటలతో ఆగకుండా హైకోర్టు మెట్లెక్కారు. ఆయన వాదన సూటిగా ఉంది. రాజ్యాంగం 80వ అధికరణంలోని మూడో క్లాజు సాహిత్యం, విజ్ఞానశాస్త్రం, కళ, సంఘసేవ అని నాలుగు రంగాల పేర్లు చెప్పింది. క్రీడలు అందులో లేవు. లేని రంగం నుంచి ఒకరిని తెచ్చి కూర్చోబెట్టే అధికారం రాష్ట్రపతికి గానీ, సలహా ఇచ్చే మంత్రిమండలికి గానీ ఎక్కడిది?

ఆ క్లాజును ఒకసారి దగ్గరగా చూడాలి. ‘ఈ కింది వంటి విషయాలలో, అనగా’ అంటూ మొదలై, ఆ తర్వాత నాలుగు పేర్లు చెప్పి, వాటిలో ప్రత్యేక పరిజ్ఞానం గానీ ఆచరణలో వచ్చిన అనుభవం గానీ ఉన్నవారిని నామినేట్ చేయాలంటుంది. పిటిషనర్ వాదన అంతా ‘అనగా’ మీద ఆధారపడింది. ప్రభుత్వ వాదన ‘వంటి’ మీద ఆధారపడింది. ఒక క్రికెటర్ సభ్యత్వం ఉంటుందా పోతుందా అన్నది ఈ రెండు మాటల్లో దేని బరువు ఎక్కువ అన్నదాని మీదకు వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు పిటిషన్‌ను కొట్టివేసింది. నాలుగు రంగాలూ ఉదాహరణలే తప్ప గిరి గీసినవి కావన్న వాదన నిలిచింది.

ఆ తీర్పు సరైనదేనని నా అభిప్రాయం. సంతకు వెళ్లి వంకాయ, బెండకాయ వంటి కూరలు తెమ్మంటే దొండకాయలు తెచ్చినవాణ్ణి ఎవరూ తప్పుపట్టరు. చెప్పుల జత తెస్తే మాత్రం నిలదీస్తారు. ‘వంటి’ అనే మాటకు మన వాడుకలో ఉన్న అర్థమే రాజ్యాంగంలోనూ ఉంది. అది తలుపు కొంచెం తెరిచి ఉంచుతుంది, అంతేగాని గోడ కూల్చేయదు. 2003లో నామినేట్ అయిన దారా సింగ్‌నే తీసుకోండి. ఆయన మల్లయోధుడూ, నటుడూ. ఆయన్ను కళాకారుడిగా తీసుకున్నారా, కుస్తీ వీరుడిగా తీసుకున్నారా అని ఎవరైనా అడిగితే చెప్పడం కష్టం, చెప్పాల్సిన అవసరమూ లేదు. 2016లో మేరీ కోమ్, 2022లో పి.టి. ఉష వచ్చేసరికి క్రీడల ప్రశ్న దాదాపు సద్దుమణిగింది.

అసలు రాజ్యసభకు ఈ 12 మంది నామినేటెడ్ సభ్యులను ఏరే పని కోర్టు చేతిలో పెడితే ఏమవుతుందో ఊహించండి. రాష్ట్రాల శాసనమండళ్లకు గవర్నర్ కూడా ఇలాగే కొందరిని నామినేట్ చేస్తారు. 2020 నవంబరులో తెలంగాణ శాసనమండలికి గవర్నర్ కోటాలో గోరటి వెంకన్నను నామినేట్ చేశారు. పల్లె వాడుక మాటలను పట్టుకుని పాట కట్టి, తానే ఆడి పాడే మనిషి తన ‘ప్రత్యేక పరిజ్ఞానాన్ని’ కోర్టు ముందు ఏ కాగితంతో రుజువు చేయాలి? డిగ్రీతోనా, అవార్డుతోనా, అమ్ముడుపోయిన పుస్తకాల లెక్కతోనా? ఒకసారి రుజువులు అడగడం మొదలైతే, వాటిని ఫైళ్లలో సిద్ధంగా పెట్టుకున్నవాళ్లే నెగ్గుకొస్తారు. ఊరూరా తిరిగి పాడేవాడు, పొలంలో విత్తనాలు దాచేవాడు వెనకబడతారు. మంచి కవి ఎవరు, గొప్ప నటుడు ఎవరు అని తేల్చే విద్య న్యాయశాస్త్రంలో లేదు. లేని విద్యను కోర్టు నెత్తిన వేసుకుంటే కళకూ నష్టమే, కోర్టుకూ నష్టమే.

కాబట్టి సెలబ్రిటీల మీద వేసే పిటిషన్లను కోర్టులు కొట్టేస్తే నాకు బాధ లేదు. నాకు బాధ కలిగించేది వేరే. పేరున్న మనిషి అందరికీ కనబడతాడు కాబట్టి పిటిషన్ ఆయన మీద పడుతుంది. నిజానికి ఆయన ఆ నాలుగు మాటల్లోనో, ‘వంటి’లోనో తేలిగ్గా ఇమిడిపోతాడు. రాజ్యాంగం ఉద్దేశానికి అసలు దెబ్బ తగిలేది నాలుగో మాట దగ్గర. సాహిత్యానికి, విజ్ఞానశాస్త్రానికి, కళకు ఏదో ఒక ఆనవాలు ఉంటుంది. ‘సంఘసేవ’ అనే గుమ్మం మాత్రం ఎంత వెడల్పయిందంటే, పార్టీలో పదేళ్లు తిరిగిన ప్రతి నాయకుడూ అందులోంచి నడిచి రాగలడు. టికెట్ దొరకనివాళ్లకు, ఓడిపోయినవాళ్లకు, కొత్తగా పార్టీలోకి వచ్చినవాళ్లకు ఈ కోటా సర్దుబాటుగా మారిందన్న సంగతి రెండు తెలుగు రాష్ట్రాల్లో రాజకీయాలు చూసేవాళ్లకు కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ మండలిలో 8, తెలంగాణ మండలిలో 6 స్థానాలు గవర్నర్ నామినేట్ చేసేవి. ఆ కుర్చీల్లో ఎందరు రచయితలు, ఎందరు శాస్త్రజ్ఞులు కూర్చున్నారో మనసులోనే ఒకసారి లెక్క వేసుకోండి.

ఈ దారి ఎంత పాతదో తెలుగువాళ్లకు బాగా తెలియాలి. 1952 ఎన్నికల్లో ఉమ్మడి మద్రాసు శాసనసభలోని 375 స్థానాల్లో కాంగ్రెస్‌కు వచ్చినవి 152. ప్రతిపక్షాలు ఐక్యమై ప్రకాశం పంతులుగారిని నాయకుడిగా ఎన్నుకున్నాయి. అప్పుడు గవర్నర్ శ్రీప్రకాశ, ఎన్నికల్లో పోటీయే చేయని రాజాజీని 171వ అధికరణం కింద మండలికి నామినేట్ చేసి, ప్రభుత్వం ఏర్పాటు చేయమని పిలిచారు. కమ్యూనిస్టు నాయకుడు పి. రామమూర్తి మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. పిటిషన్ నిలవలేదు. ఇందులో ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. రాజాజీ నిజంగానే రచయిత. ‘సాహిత్యం’ అన్న మాట ఆయనకు సరిగ్గా సరిపోతుంది. అర్హత ఉంది, ఉద్దేశం మాత్రం సాహిత్యం కాదు, ముఖ్యమంత్రి పదవి. అర్హతను కోర్టు చూడగలదు, ఉద్దేశాన్ని పట్టుకోవడం దాదాపు అసాధ్యం. కోర్టు చేయి అందుకోలేని ఎత్తు ఒకటి ఉంటుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. ఆ పూట ఆంధ్ర ప్రాంతం మనసులో పడిన ముల్లును ఏ తీర్పూ తీయలేకపోయింది.

అలాగని కోర్టు చేతులు కట్టుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. 2023 నుంచి తెలంగాణలో నడిచిన వ్యవహారం చూస్తే కోర్టు ఎక్కడ అవసరమో తెలుస్తుంది. ఆ ఏడాది జూలై చివర్లో బీఆర్ఎస్ ప్రభుత్వం దాసోజు శ్రవణ్, కుర్ర సత్యనారాయణ పేర్లను గవర్నర్ కోటాకు సిఫారసు చేసింది. సెప్టెంబరులో అప్పటి గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ ఆ సిఫారసును తిరస్కరించారు. రాజ్యాంగం చెప్పిన రంగాల్లో ఆ ఇద్దరికీ ప్రత్యేక కృషి ఉన్నట్టు తనకు పంపిన వివరాల్లో కనిపించడం లేదన్నారు. ప్రభుత్వం మారింది. 2024 జనవరిలో కాంగ్రెస్ ప్రభుత్వం సిఫారసు చేసిన ప్రొఫెసర్ కోదండరాం, అమేర్ అలీఖాన్‌ల నామినేషన్‌కు అదే గవర్నర్ ఆమోదం తెలిపారు. మార్చి 7న తెలంగాణ హైకోర్టు పాత తిరస్కరణనూ, కొత్త నామినేషన్లనూ రద్దు చేసింది. గవర్నర్ మంత్రిమండలి సలహాకు కట్టుబడాలి, అర్హత మీద అనుమానం ఉంటే ఫైలును తిరిగి ప్రభుత్వానికి పంపాలి తప్ప తానే తోసిపుచ్చకూడదు అన్నది అందులోని సారం. సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 14న ఆ తీర్పుపై స్టే ఇచ్చింది, కొత్తవాళ్లిద్దరూ ప్రమాణం చేశారు. సరిగ్గా ఏడాదికి, 2025 ఆగస్టు 13న, అదే సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో వాళ్ల సభ్యత్వం ఆగిపోయింది. ఆ నెలాఖరులో ప్రభుత్వం మళ్లీ సిఫారసు పంపింది. ఈసారి కోదండరాం పక్కన ఉన్న పేరు మహ్మద్ అజారుద్దీన్. ఢిల్లీ హైకోర్టు ముందు నిలిచిన క్రికెట్ ప్రశ్న పదమూడేళ్లు తిరిగి హైదరాబాద్ చేరింది. అక్టోబరు 31న ఆయన మంత్రిగా ప్రమాణం చేశారు.

ఇంత కథలో కోర్టు ఎక్కడా ‘ఈ మనిషి గొప్పవాడా కాదా’ అని తేల్చలేదు. ఎవరు ఏ పని చేయాలి, ఏ క్రమంలో చేయాలి అన్నదే చూసింది. అంతవరకూ అది తన ఇంట్లోనే ఉంది.

న్యాయశాస్త్రంలో దీనికి ఒక గట్టి పునాది ఉంది. ‘నువ్వు ఏ అధికారంతో ఈ పదవిలో కూర్చున్నావు’ అని నిలదీసే రిట్‌ను కో వారంటో అంటారు. అర్హత లేదని తేలితే ఆ రిట్ మనిషిని కుర్చీ నుంచి దింపగలదు. తగినవాడు కాదనిపిస్తే దింపలేదు. 2011 మార్చిలో కేంద్ర విజిలెన్స్ కమిషనర్ పి.జె. థామస్ నియామకాన్ని సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు ఈ తేడా స్పష్టంగా కనబడింది. ఆయన కన్నా మంచివాడు దొరకలేదా అని కోర్టు అడగలేదు. ఆయన మీద పెండింగులో ఉన్న పామాయిల్ కేసు వివరాలను ఎంపిక కమిటీ పట్టించుకుందా లేదా అని అడిగింది. పట్టించుకోలేదని తేలింది, నియామకం పోయింది.

ఇక్కడ ప్రభుత్వాలు ఎప్పుడూ ముందుకు తెచ్చే డాలు ఒకటుంది. మంత్రిమండలి రాష్ట్రపతికి ఏ సలహా ఇచ్చిందో కోర్టులు విచారించరాదని 74వ అధికరణం చెబుతుంది. కానీ 1994లో బొమ్మై కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ డాలు ఎంతవరకో గీత గీసింది. సలహాను అడగకూడదు, ఆ సలహాకు ఆధారమైన సమాచారాన్ని అడగొచ్చు. రాష్ట్ర ప్రభుత్వాన్ని రద్దు చేసేటప్పుడు వర్తించిన ఈ సూత్రం, ఆరేళ్ల పాటు దేశానికి చట్టాలు చేసే కుర్చీని ఒకరికి అప్పగించేటప్పుడు వర్తించకూడదనడానికి నాకు కారణం కనబడదు. కోర్టు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ పేరు ఎంచుకున్నప్పుడు మీ ముందున్న ఫైలులో, రాజ్యాంగం అడిగిన పరిజ్ఞానం గురించి గానీ అనుభవం గురించి గానీ ఏముంది? ఏదో ఒకటి ఉంటే కోర్టు పక్కకు తప్పుకోవాలి, అది గొప్పగా ఉందా లేదా అని చూడకూడదు. ఏమీ లేకపోతే, లేదా పార్టీలో నిర్వహించిన పదవుల జాబితా తప్ప మరేదీ లేకపోతే, అది దొండకాయ కాదు, చెప్పుల జత. అప్పుడు కోర్టు కచ్చితంగా జోక్యం చేసుకోవాలి.

ఇక సెలబ్రిటీల మీద జనం కోపమంతా ఉన్నది గైర్హాజరీ గురించి. ఆ కోపం న్యాయమైనదే. ఆరేళ్లలో సచిన్ హాజరు పది శాతం కూడా లేదు. ఆయనతోపాటే నామినేట్ అయిన సినీనటి రేఖది ఇంకా తక్కువ. 2014 ఆగస్టులో కేరళకు చెందిన సీపీఎం సభ్యుడు పి. రాజీవ్ ఈ విషయం సభలో లేవనెత్తితే, ఇద్దరిలో ఎవరి గైర్హాజరీ కూడా 60 రోజులు దాటలేదని డిప్యూటీ చైర్మన్ పి.జె. కురియన్ చెప్పారు. 101వ అధికరణం ప్రకారం అనుమతి లేకుండా 60 రోజులు రాని సభ్యుడి స్థానం ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చు. సభ ప్రొరోగ్ అయి ఉన్న రోజులను, వరసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడిన కాలాన్ని ఈ లెక్కలో కలపరు. రాజ్యసభ ఏడాది మొత్తంలో కూర్చునేదే ఇంచుమించు అన్ని రోజులు. అంటే ఏడాదికి ఒకటి రెండుసార్లు కనిపించి వెళ్లినా గండం గడుస్తుంది. నియమం ఇంత వదులుగా ఉన్నప్పుడు ఆ అధికరణాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్లి ప్రయోజనం లేదు. పైగా ఆ అధికారం రాజ్యాంగం సభ చేతికి ఇచ్చింది. బిగించాల్సింది సభే. ఇన్నేళ్లుగా బిగించకపోవడం సభ తప్పు. సెలబ్రిటీ రాకపోవడాన్ని టీవీల్లో దుమ్మెత్తిపోసిన సభ్యులు నియమం మార్చే ప్రయత్నం గట్టిగా చేసి ఉంటే ఎంత బాగుండేది.

సచిన్ విషయంలో రెండు దృశ్యాలు నాకు ఎప్పుడూ పక్కపక్కనే గుర్తొస్తాయి. 2014 నవంబరు 16న ఆయన అప్పటి నెల్లూరు జిల్లా గూడూరు దగ్గరి పుట్టంరాజువారి కండ్రిగకు వచ్చారు. ఆదర్శ గ్రామ పథకం కింద ఆ చిన్న ఊరిని దత్తత తీసుకున్నారు. ఆయన ఎంపీ నిధులతో ఆ ఊరి రూపు మారింది. దాన్ని నేను చిన్నచూపు చూడను, ఆ ఊరివాళ్లకు అది చాలా పెద్ద సంగతి. అయితే రోడ్డు వేయించడానికి రాజ్యాంగం 12 కుర్చీలు పక్కన పెట్టలేదు. ఆ కుర్చీ అడిగే పని ఆయన చేయబోయింది 2017 డిసెంబరు 21న. పిల్లలకు ఆడుకునే హక్కు గురించి మాట్లాడటానికి లేచారు. సభలో వేరే గొడవ నడుస్తోంది, ప్రధాని వ్యాఖ్యల మీద ప్రతిపక్షం నినాదాలు చేస్తోంది. చైర్మన్ స్థానంలో ఉన్న వెంకయ్యనాయుడు ఎంత చెప్పినా సద్దుమణగలేదు. సచిన్ నిలబడ్డారు, నోరు తెరిచే వీలు లేకపోయింది. చివరికి ఆ ప్రసంగాన్ని రికార్డు చేసి ఫేస్‌బుక్‌లో పెట్టారు. ఆరేళ్లకు ఒకసారి మాట్లాడబోయిన సభ్యుడి తప్పు అందులో ఎంత, ఆ ఒక్కసారీ విననివ్వని సభ తప్పు ఎంత? నా మటుకు రెండూ సమానంగా కనిపిస్తాయి.

ఈ కుర్చీ ఏం చేయగలదో తెలియాలంటే ఆర్.కె. నారాయణ్‌ను తలుచుకోవాలి. 1986 నుంచి ఆరేళ్లు ఆయన నామినేటెడ్ సభ్యుడు. మాల్గుడి సృష్టించిన మనిషి 1989లో తన తొలి ప్రసంగంలో సాహిత్యం జోలికి పోలేదు. బడి పిల్లల సంచుల గురించి మాట్లాడారు. పొద్దున లేచింది మొదలు హోంవర్కు, యూనిఫాం, పుస్తకాల మోత. ఆ మోతకు పిల్లల నడుములు వంగిపోతున్నాయని, వాళ్ల బాల్యాన్ని మనమే కాజేస్తున్నామని బాధపడ్డారు. ఓట్ల లెక్కలో పిల్లలు లేరు. ఏ పార్టీ ఎజెండాలోనూ ఆ సంచి లేదు. స్వామి అనే కుర్రాడి మనసులో దూరి చూసిన రచయితకే అది కనబడింది. ఆ ప్రసంగం లేవనెత్తిన చర్చ 1992లో కేంద్రం వేసిన యశ్‌పాల్ కమిటీ దాకా నడిచింది. మరుసటి ఏడాది వచ్చిన ఆ కమిటీ నివేదికను విద్యారంగంలో ఇప్పటికీ ప్రస్తావిస్తారు. ఉదయం ఎనిమిది గంటలకు మన ఊళ్లలో ఏ స్కూలు గేటు ముందు నిలబడ్డా ఆ సంచులు ఇంకా అలాగే కనబడతాయి. ఆటోలో కుక్కి కూర్చోబెట్టిన ఆరేళ్ల పిల్ల ఒడిలో తనకన్నా వెడల్పయిన సంచి. ఆ బరువు గురించి మాట్లాడే గొంతు ఇవాళ పెద్దల సభలో ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. రుక్మిణీదేవి అరుండేల్ నామినేటెడ్ సభ్యురాలిగా మూగజీవాల కోసం ప్రైవేటు బిల్లు తెచ్చి, 1960 నాటి జంతుహింస నివారణ చట్టానికి దారి తీశారు. 2012లో కాపీరైటు చట్టం సవరించినప్పుడు పాటల రచయితల తరఫున జావేద్ అఖ్తర్ గట్టిగా నిలబడ్డారు. వీళ్లంతా పేరున్నవాళ్లే. పేరు అడ్డం కాలేదు.

ఇప్పుడు నామినేషన్ కాగితం దగ్గరకు రావాలి. కేంద్ర హోంశాఖ గెజిట్‌లో ఇచ్చే నామినేషన్ నోటిఫికేషన్ చిన్నది. 80వ అధికరణం ఇచ్చిన అధికారంతో, ఖాళీ అయిన స్థానంలో రాష్ట్రపతి ఫలానావారిని నామినేట్ చేశారు అని ఉంటుంది. ఏ రంగం నుంచో ఉండదు. ఏ కృషి చూసో ఉండదు. 2022 జూలైలో కథారచయిత విజయేంద్రప్రసాద్, స్వరకర్త ఇళయరాజా, పరుగుల రాణి పి.టి. ఉష, ధర్మస్థల ధర్మాధికారి వీరేంద్ర హెగ్గడే వచ్చారు. వాళ్ల రంగాలు మనకు తెలుసు కాబట్టి ఆ లోటు కనబడలేదు. 2025 జూలైలో వచ్చిన నలుగురిలో ఒకరు న్యాయవాది, ఒకరు మాజీ దౌత్యవేత్త, ఒకరు చరిత్రకారిణి, ఒకరు ఉపాధ్యాయుడు. న్యాయవాది అంతకు ఏడాది ముందే లోక్‌సభకు పోటీ చేసి ఓడినవారు. ఆ నలుగురూ అర్హులు కారని నేను అనడం లేదు. న్యాయం, దౌత్యం ‘వంటి’లోకి ఎలా వచ్చాయో ప్రభుత్వం ఒక్క వాక్యంలో చెప్పి ఉండాల్సింది అంటున్నాను. 2021లో స్వపన్ దాస్‌గుప్తా బెంగాల్ శాసనసభకు బీజేపీ టికెట్ మీద పోటీ చేయడానికి నామినేటెడ్ స్థానానికి రాజీనామా చేసి, ఓడిపోయి, జూన్‌లో అదే స్థానానికి మళ్లీ నామినేట్ అయ్యారు. మార్చిలో వదిలేసిన కుర్చీకి జూన్‌లో మళ్లీ ఆయనే ఎందుకో ఆ కాగితం చెప్పలేదు. చెప్పాల్సిన బాధ్యత ఉందని ఎవరూ అనుకోలేదు.

కారణాలు రాయమంటే అధికారులు ఒకే మూస వాక్యాన్ని అందరికీ అతికిస్తారని ఒక మిత్రుడు అభ్యంతరం చెప్పాడు. నిజమే, అతికిస్తారు. కానీ మూస వాక్యాన్ని కూడా నిలదీయవచ్చు, మౌనాన్ని నిలదీయలేం. తెలంగాణలో 2023లో వివాదం రాజకీయ దూషణల దగ్గరే ఆగిపోకుండా అర్హత మీదకు వచ్చిందంటే, ఫైలులో ఏదో ఒక వివరం ఉండబట్టే. గవర్నర్ దాన్ని చదివి ఇది చాలదన్నారు. ఆమె చేసింది సరి కాదని కోర్టు చెప్పింది. వాదన ఒక కాగితం చుట్టూ నడిచింది.

బ్రిటన్‌లో ప్రభువుల సభకు వచ్చే పేర్లను వడపోయడానికి 2000లో ఒక కమిషన్ పెట్టుకున్నారు. మనకు అంత పెద్ద ఏర్పాటు ఉంటే మంచిదే, అది వచ్చేదాకా ఆగాల్సిన పని మాత్రం లేదు. కారణాలు చెప్పడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు. వచ్చే నామినేషన్ నోటిఫికేషన్‌కు హోంశాఖ ఒక పేజీ జత చేస్తే సరిపోతుంది. పేరు, రంగం, ఆ రంగంలో చేసిన పని, ఆ పని సభకు ఎలా పనికొస్తుందో నాలుగు వాక్యాలు. రేపు ఎవరైనా ఆ పేరు మీద కోర్టుకు వెళ్తే, న్యాయమూర్తి ముందుగా తెప్పించుకుని చదవాల్సింది ఆ పేజీ.